సింహం కాళ్ళ టీవీ బల్ల

కాలు జాగ్రత్త తల్లీ, దాన్ని తన్నకు. ఆఁ, సింహం కాలే అది. తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టాను, నలభై ఏళ్ళ పైనుంచీ అక్కడే ఉంది. చిన్నప్పుడు నువ్వు దాని గోళ్ళకి మీ అమ్మ గోళ్ళరంగు పూశావు, గుర్తుందా? వారం రోజులు స్పిరిట్ పెట్టి తుడుచుకున్నాను. సరే కూర్చో, టీ వస్తోంది. ఏదీ, ఆ ఫోనులో బొమ్మ చూపించు. ఉండుండు, కళ్ళజోడు... ఊఁ. ఇదేంటే, గోడకి వేలాడుతోంది కాళ్ళూ చేతులూ లేకుండా? కింద నీలం లైటొకటి, చేపల దుకాణంలో పెట్టినట్టు. తెల్లగా మెరుస్తోందంటావా, అది పాలిష్ కాదు రద్వా తల్లీ, ప్లాస్టిక్ తొడుగు. లోపల రంపప్పొట్టుకి జిగురేసి నొక్కిన పలక. మన సముద్రపు గాలికి రెండు చలికాలాలు ఆగితే గొప్ప. నేను తప్పుపట్టట్లేదులే, ఎవరి కాలం వాళ్ళది. పెళ్ళి నీది, ఇల్లు నీది. కాకపోతే కైరో నుంచి జనం బస్సులు కట్టుకుని మన వీధికొచ్చి సామాను కొనుక్కుపోతుంటే, దుమ్యాత్‌లో పుట్టిన పిల్ల ఫోనులో చూసి కొనుక్కుంటానంటే మా బోటి వాళ్ళకి కొంచెం ఇదిగా ఉంటుంది, అంతే. నేనడిగేది ఒక్కటే. దీన్ని ఎక్కడ కూర్చుని చూస్తావు? సోఫాలోనా? నిజం చెప్పు. ఏం నవ్వుతావు? బద్రావీ ఉస్తా ఉంటే నిన్ను ముందు ఈ మాటే అడిగేవాడు.

ఎవరా? ఎవరేంటే, ఎదురుగా మొబైల్ షాపు ఉందే, అదే ఆయన కొట్టు. అప్పుడు అక్కడ అద్దాల తలుపులూ లేవు, బోర్డులూ లేవు, గుమ్మం దాకా చిత్రిక పొట్టు ఉండేది, పాదాలు కూరుకుపోయేవి. ఈ వీధిలో వెయ్యిమంది వడ్రంగులు వచ్చారు పోయారు. అంతటి పనివాడు మళ్ళీ పుట్టలేదు, నేను ఎవరి ముందైనా అంటాను ఈ మాట, నా సొంత బావమరిది ముందు కూడా అన్నాను, వాడూ వడ్రంగే, రెండు పండగలు మా ఇంట అన్నం ముట్టలేదు. పని మన దగ్గర ఎలా నడుస్తుందో నీకు తెలియంది కాదు. చెక్కపని ఒకరిది, చెక్కడాలు ఒకరివి, పరుపులు ఒకరివి, పాలిష్ నాది. ఉస్తా దగ్గర తయారైన సామాను తెల్లచెక్కగా, పచ్చిగా, బండి మీద ఈ గుమ్మంలోకొచ్చేది. నేను లక్క నానేసి, దూది ముద్దతో రుద్ది రుద్ది మెరుపు తెచ్చేవాణ్ణి. నాకంటే పన్నెండేళ్ళు పెద్దవాడు. పెద్ద మేస్త్రీ కదా, నేను ‘ఉస్తా, మీరు’ అనేవాణ్ణి, ఆయన ‘ఏరా జైన్హోమ్’ అనేవాడు. మాట తక్కువ మనిషి. పొగిడితే చెవి గోక్కునేవాడు, తిడితే కూడా చెవే గోక్కునేవాడు, ఏది ఎక్కిందో ఏది ఎక్కలేదో దేవుడికే తెలియాలి.

టీవీ బల్లలు అంటావా, అప్పుడే ఊళ్ళోకి రంగుల టీవీలు దిగుతున్నాయి. కువైత్‌లో ఉన్న అల్లుళ్ళు, లిబియాలో ఉన్న తమ్ముళ్ళు, పెట్టెలు పెట్టెలుగా పంపేవాళ్ళు. ఇప్పటి గోడకంటుకునే టీవీలు కావవి, ఒక్కోటి దూడంత ఉండేది, వెనక్కి ఇంత వీపు. టీవీ వచ్చిన ప్రతి ఇంటికీ బల్ల కావాలి. మిగతా వడ్రంగులు ఏం చేసేవాళ్ళంటే, టీవీ వెడల్పు కొలిచి, లోతు కొలిచి, ఇంత బల్ల అనేవాళ్ళు. ఉస్తా టీవీ వంక చూసేవాడే కాదు. ‘టీవీ ఏం చేస్తుందిరా, ఎక్కడ పెడితే అక్కడ పడుంటుంది. చూసేది మనుషులు, వాళ్ళని కొలవాలి’ అనేవాడు. జేబులో ఒక నూలుతాడు. ఇంటికెళ్ళి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, నేల మీంచి ఒక్కొక్కరి కంటిదాకా తాడు పట్టి ముడి వేసేవాడు. టీవీ నడుము ఆ ముడికి బెత్తెడు కిందికి రావాలి, అదీ ఆయన లెక్క. పైకి చూస్తే మెడ పోతుంది, మరీ కిందికి చూస్తే నిద్రొస్తుంది అనేవాడు. ఇంకోటి, వెనక పలక పూర్తిగా మూసేవాడు కాదు, ‘దానికీ వీపు చల్లబడాలి కదా’ అని జానెడు సందు. ఇదిగో నీ బొమ్మలో వైర్లన్నీ ఎక్కడికి పోయాయి? దాచేశారా? దాచేస్తే మరి పాడైనప్పుడు గోడ పగలగొడతావా? అడుగు ఆ ఫోనునే.

ఏమంటున్నానూ. అబ్దెల్ ఆల్. ఎజ్బెత్ ఎల్ బుర్జ్‌లో నాలుగు చేపల పడవల ఆసామి. మనిషి మంచివాడే, కాస్త గొప్పలు. వాళ్ళ అల్లుడు కువైత్ నుంచి ఊళ్ళో ఎవరికీ లేనంత టీవీ పంపాడు. దానికి తగ్గ బల్ల కావాలి, నాలుగు కాళ్ళూ సింహం కాళ్ళు కావాలి, ఊరు చెప్పుకోవాలి అన్నాడు. ఉస్తా తాడు జేబులో వేసుకుని వెళ్ళాడు, నేనూ వెళ్ళాను. ఇక్కడే జరిగింది పొరపాటు. మనవాళ్ళ సంగతి నీకు తెలిసిందే కదా. ఇంటికి మనిషొస్తే ఎక్కడ కూర్చోబెడతాం? ముందుగదిలో, బంగారు పూత కుర్చీల్లో. ఆ కుర్చీల మీంచి తెల్లగుడ్డలు గబగబా తీసేసి, ఇంటివాళ్ళంతా కొత్తబట్టలు కట్టుకుని, ఫోటోకి కూర్చున్నట్టు వరసగా కూర్చున్నారు. అబ్దెల్ ఆల్, పెళ్ళాం, పిల్లలు, వాళ్ళమ్మ వహీబా అవ్వ. అవ్వ కాళ్ళు నేలకి అందట్లేదు పాపం, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఉస్తా తాడు పట్టాడు, ముళ్ళు వేశాడు, ‘ఇలాగే కూర్చుంటారా చూసేటప్పుడు’ అని అడిగాడు. అబ్దెల్ ఆల్ ‘మరెలా కూర్చుంటాం ఉస్తా, మేమేమన్నా నేల మీద కూర్చునే బాపతా’ అన్నాడు. ఆ మాట నమ్మాడు ఉస్తా. పరువుగల ఇంట్లో ఆ మాట మీద ఇంకో ప్రశ్న ఎవరేస్తారు చెప్పు.

ఆ బల్ల ఎలా వచ్చిందంటావ్... జాన్ చెక్క, ఓడల్లో దిగే గట్టిరకం, ఒక్క మేకు లేదు, అంతా ఒకదాన్లో ఒకటి దిగే కుసులే. నడుము దగ్గర చిన్న ఒంపు, ఆ ఒంపులోంచి నాలుగు కాళ్ళు దిగి, చివర సింహం పాదం, గోళ్ళు నేలని పట్టుకున్నట్టు. ఇరవైయొక్క రోజులు పాలిష్ పట్టాను. రోజుకొక పూత, ప్రతి పూతకీ గరుకు కాయితం, మళ్ళీ పూత. గోళ్ళ సందుల్లో పుల్లకి దూది చుట్టి రుద్దాను. బండి మీద తీసుకెళ్తుంటే కాఫీ కొట్టు వాళ్ళు పాచికలు వదిలేసి బయటికొచ్చారు. ఇస్కందరియా పట్నం నుంచి రాగెబ్ అని సామాన్ల షావుకారు వచ్చి ఉన్నాడు ఊళ్ళో, వాడూ చూశాడు. ‘వచ్చే గురువారం ఆ ఇంటికొచ్చి, టీవీ పెట్టి ఎలా ఉందో చూస్తాను. నచ్చితే ఇలాంటివే ముప్పై’ అన్నాడు. ముప్పై అంటే మాటలు కాదు. ఆ ఏడాది చెక్క కరువు, ఉస్తా కొట్లో ముగ్గురు పనివాళ్ళు ఉత్తచేతులతో కూర్చునున్నారు. ఆ పని వస్తే అందరూ నిలదొక్కుకుంటారు, పోతే వాళ్ళని పంపెయ్యాల్సిందే. నాక్కూడా అంతే, ముప్పై బల్లల పాలిష్. మీ తాత, అదే మా అన్నయ్య, అప్పుడే నా పెళ్ళి మాటలు మొదలెట్టాడు. రాత్రి పడుకుంటే సింహాలే కనబడేవి నాకు.

మంగళవారం కబురొచ్చింది, సొరుగు బిగుసుకుంది, సముద్రపు తేమకి ఉబ్బింది, కాస్త చిత్రిక పట్టి వెళ్ళమని. వెళ్ళాం ఇద్దరం, చెప్పకుండా, మిట్టమధ్యాహ్నం. తలుపు తీసే ఉంది. ముందుగది చూస్తే బంగారు కుర్చీలు మళ్ళీ తెల్లగుడ్డలు కప్పుకుని ఉన్నాయి, బల్ల లేదు. లోపలి హాల్లోంచి టీవీ చప్పుడు. బల్లని అక్కడికి లాక్కెళ్ళారు తల్లీ. అసలు ఆ ఇంట్లో ఎవరూ ఆ కుర్చీల్లో కూర్చోరు, ఎవరింట్లో కూర్చుంటారు గనక. హాల్లో చాప మీద వహీబా అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుని, ఒళ్ళో పళ్ళెంలో ములూఖియా ఆకు దూస్తోంది. తల ఇలా, ఇదిగో ఇలా, పూర్తిగా వెనక్కి వాల్చి చూస్తోంది. మెడకి నూనె రాసి గుడ్డ చుట్టుకుంది. ఉస్తా గుమ్మంలోనే ఆగిపోయాడు. ‘మెడకేమైందమ్మా’ అన్నాడు. ఆవిడేమందో తెలుసా? ‘ఏం లేదు నాయనా, నీ చేతిపని అంత గొప్పది మరి. గొప్పవాటిని తలెత్తే కదా చూడాలి’ అంది. నవ్వుతూనే అంది. ఎకసెక్కం కాదు, నిజంగానే అంది. ఆ బల్లంటే ఆవిడకి అంత గర్వం, మెడనొప్పి అని ఎవరితోనూ అనలేదు, కొడుకుతో కూడా.

ఉస్తా చాప మీద ఆవిడ పక్కన కూర్చున్నాడు. తల వెనక్కి వాల్చి టీవీ చూశాడు. చాలాసేపు చూశాడు. చెవి గోక్కున్నాడు. తర్వాత తాడు తీసి, నేల మీంచి అవ్వ కంటిదాకా పట్టి ఇంకో ముడి వేసి, ‘జైన్హోమ్, సంచీలో రంపం తియ్యి’ అన్నాడు.

నాకర్థమయింది. అప్పుడే అబ్దెల్ ఆల్ వచ్చాడు, అతను అడ్డం పడ్డాడు, ‘ఉస్తా, ఎల్లుండి షావుకారొస్తాడు, ఊరంతా వస్తుంది’ అని. నేను బతిమాలాను. పొట్టిది ఇంకోటి చేసిద్దాం, ముసలామెకి అదిద్దాం, దీన్ని గురువారం దాకా ముట్టుకోవద్దు అన్నాను. న్యాయమైన మాటే కదా? నువ్వే చెప్పు. ఆయన నా వంక కూడా చూడలేదు. ‘గురువారం దాకా ఆవిడ మెడ ఎవడు మోస్తాడు, నువ్వా?’ అన్నాడు. టీవీ దింపించాడు, బల్లని పడుకోబెట్టాడు, మోకాలు ఆనించి కోశాడు. జాన్ చెక్క గట్టిది, రంపం కీచుమంటోంది, నా ఇరవైయొక్క రోజులూ తెల్లటి పొడిగా చాప మీద రాలుతున్నాయి. నా నోటికి అదుపు పోయింది. ‘నీకు కళ్ళు లేవు, మనిషివి కావు నువ్వు’ అన్నాను. ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. పిల్లలంతా చూస్తున్నారు. ఆయన నాలుగో కాలు కూడా కోసి, కింద అంచులు చిత్రిక పట్టి, బల్లని నిలబెట్టి, టీవీ పెట్టించాడు. అవ్వ తల ఎత్తలేదు, దించలేదు, ఉన్నచోటే ఉండి చూసింది. ‘అబ్బ’ అంది, అంతే. ఆ ‘అబ్బ’ నాకప్పుడు వినబడలేదు తల్లీ, తర్వాత తర్వాత వినబడింది.

నాలుగు కాళ్ళూ ఏమయ్యాయా? ఒకటి అవ్వ తీసుకుంది, వెల్లుల్లి దంచుకోడానికి పట్టుకి బావుందని. నా లక్క పాలిష్ ఆ ఇంటి ములూఖియాలో ఎన్నేళ్ళు కలిసిందో. ఒకటి అబ్దెల్ ఆల్ దాచుకున్నాడు, ‘ఒకప్పుడు మా బల్లకి ఇవి ఉండేవి’ అని చూపించుకోడానికి. మిగతా రెండూ ఉస్తా నా చేతిలో పెట్టాడు. ‘నీ పాలిష్ నీకే’ అన్నాడు. వెటకారం అనుకున్నాను. దారిలో ఒకటి నైలులోకి విసిరేశాను. చెక్క కదా, మునగను గాక మునగను అంటూ నా వెంటే కొంతదూరం తేలుకుంటూ వచ్చింది వెధవది. రెండోది విసరడానికి చెయ్యి రాలేదు. అదే ఇది.

గురువారం రాగెబ్ వచ్చాడు. చూశాడు. ‘ఇదేంటయ్యా, మోకాళ్ళ మీద కూలబడ్డ ఒంటెలా ఉంది’ అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ ముప్పై బల్లలూ అదే వీధిలో ఇంకో కొట్టుకెళ్ళాయి, సింహం కాళ్ళతో సహా. పాలిష్ ఎవరు పట్టారు? నేనే పట్టాను. దాచేదేముంది, నీ దగ్గరా? నూట ఇరవై కాళ్ళకి పట్టాను. ఉస్తా కొట్టు ఎదురుగానే, ఇదే గుమ్మంలో, ఆయన చూస్తుండగా. ఆయన కొట్లో ముగ్గురు పనివాళ్ళలో ఇద్దరు వెళ్ళిపోయారు. కూర్చున్న కొమ్మ నరుక్కున్నవాణ్ణి విన్నాం గానీ కళ్ళారా చూశాం అని కాఫీ కొట్లో ఒకటే నవ్వులు. ‘కాళ్ళు తీసే ఉస్తా’ అని పేరు పెట్టారు. ఆ నవ్వుల్లో నేనూ ఉన్నాను. ఆయన తెల్లచెక్క నా దగ్గరికి రావడం ఆగిపోయింది, వేరే వీధికి పంపేవాడు. ఏడాది పాటు ఎదురెదురు కొట్లవాళ్ళం, సలామైనా లేదు. కానీ ఒకటి చూశాను. ఆ ఏడాదంతా ఆయన గుమ్మంలోకి మగవాళ్ళు తగ్గారు, ఆడవాళ్ళు పెరిగారు. వహీబా అవ్వ నోరు ఊరుకుంటుందా, పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా మెడ అటూ ఇటూ తిప్పి చూపించేదట. పెళ్ళికూతుళ్ళ తల్లులు, నాయనమ్మలు వచ్చి ఆయన కొట్లో చిత్రిక పొట్టు మీదే చతికిలబడేవాళ్ళు, ‘మేము నిజంగా ఇలా కూర్చుంటాం, ఇలా కొలువు నాయనా’ అని. ముందుగది కుర్చీ ఎక్కి కొలిపించుకునే రోజులు పోయాయి. పెద్ద షావుకార్లు రాలేదు గానీ కొట్టు మూతపడలేదు.

మా అమ్మకి పక్షవాతం వచ్చింది అప్పుడే. నువ్వు చూళ్ళేదు ఆవిణ్ణి. ఒళ్ళంతా పడిపోయింది, మాట, చూపు మిగిలాయి. వెల్లకిలా పడుకోబెట్టాల్సిందే, తలగడ ఎత్తు పెడితే ఊపిరాడేది కాదు. ఆవిడకి రంజాన్ నెలలో వచ్చే సీరియళ్ళంటే ప్రాణం. మా ఇంట్లో బల్ల లేదనుకుంటున్నావా? రాగెబ్ మెచ్చుకుని ముప్పైయొకటోది నాకే ఇచ్చాడు, సింహం కాళ్ళది, వీధిలో అంత మెరుపు బల్ల ఇంకోటి లేదు. దాన్ని మంచం ముందు పెట్టాను, పక్కన పెట్టాను, కింద ఇటుకలు పెట్టాను. ఎక్కడ పెట్టినా అమ్మకి కనబడేది ఇంటి కప్పే. ‘పోనీలేరా, నేను వింటాన్లే’ అనేది. నా చేతిపని నా తల్లికే పనికిరాలేదు. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు తల్లీ, ఇప్పటికీ తలుచుకుంటే చెవులు కాలతాయి.

ఎవరు చెప్పారో ఏమో. ఒక పూట తలుపు కొట్టి బద్రావీ ఉస్తా లోపలికొచ్చాడు, చేతిలో ముషబ్బక్ మిఠాయి పొట్లం. నాతో మాట్లాడలేదు. అమ్మకి సలాం చెప్పాడు. ‘అమ్మా, మీ పక్కన కాసేపు పడుకోవచ్చా’ అని అడిగాడు. బల్లపీటలు రెండు తెచ్చి మంచం ఎత్తుకి సరిపెట్టి, తలపాగా తీసి తలకింద పెట్టుకుని, అమ్మ తల పక్కన తల వచ్చేట్టు వెల్లకిలా పడుకున్నాడు. ఇద్దరూ కప్పు వంక చూస్తూ పడుకున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను, నిలబడ్డమే నా పని. ‘ఇక్కణ్ణుంచి కనబడేది ఇదేనా అమ్మా’ అన్నాడు. అమ్మ ‘ఆ మూలనున్న బల్లి కూడా నాకు బాగా పరిచయం నాయనా’ అంది. చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆయన తాడు తీశాడు, అమ్మ కంటి దగ్గర్నుంచి వాలుగా పట్టుకుని ముడి వేశాడు, వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి బండి వచ్చి మా గుమ్మంలో ఆగింది. పొడుగు కాళ్ళ బల్ల. కాళ్ళు తీసే ఉస్తా పొడుగు కాళ్ళు పెట్టాడు. మంచానికి ఇటు రెండు అటు రెండు కాళ్ళు దిగి, పై పలక అమ్మ ముఖం వైపు వాలి ఉంది, టీవీ జారకుండా ముందు అంచు, వెనక తోలుపట్టీ. కింద చూశాను. నాలుగు కాళ్ళకీ సింహం పాదాలు. చెక్కడం వాళ్ళకి ఇవ్వలేదు, ఆయనే కూర్చుని చెక్కాడు. చెక్కడం ఆయన విద్య కాదు, కొంచెం మొరటుగా, సింహంవో పిల్లివో తెలీకుండా ఉన్నాయి. మంచం పక్కన, దుప్పటి అంచుల చాటున, ఎవరికీ కనబడని చోట, నాలుగు పాదాలు. అవి అమ్మ కోసం కాదు కదా. తెల్లచెక్క, పచ్చిగా ఉంది, నేను నోరు తెరవబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపాడు. ‘పాలిష్ నీ పని’ అన్నాడు. అంతే. బండివాడితో పాటు వెళ్ళిపోయాడు. ఆ మర్నాటి నుంచీ ఆయన తెల్లచెక్క మళ్ళీ ఈ గుమ్మంలోకే వచ్చింది, ఆయన పోయేదాకా. అమ్మ ఆ రంజాన్ అంతా చూసింది. ముప్పై రోజులూ, ఒక్క సీరియల్ వదల్లేదు. కథలు నాకే తిరిగి చెప్పేది.

ఏడవకే పిచ్చిపిల్లా, నేను గొప్పగా చెప్పుకుంటున్నాను, ఏడవడానికి కాదు. ఆయనతో కలిసి పనిచేసినవాణ్ణి, అది చిన్న సంగతా? ఇదిగో, నీ ఫోను మళ్ళీ చూపించు. వెడల్పుగా, పొట్టిగా, నేలకి దగ్గరగా. కొత్త ఫ్యాషన్ అంటున్నావు కదా? అబ్దెల్ ఆల్ ఇంట్లో ఆ రోజు కాళ్ళు కోసేసరికి మిగిలింది సరిగ్గా ఇదే. రాగెబ్ కొడుకులు ఇప్పుడు ఇస్కందరియాలో ఇవే అమ్ముతున్నారు, నీలం లైట్లు పెట్టి. సింహం కాళ్ళవి ఎవరూ ముట్టట్లేదట. వద్దనట్లేదు తల్లీ, ఇలాంటిదే పెట్టుకో, కావాలంటే ఆ లైటు కూడా పెట్టుకో. మంచి చెక్కతో పెట్టుకో. వెనక సందు ఉంచు. కానీ ఎంత ఎత్తు అని ఫోనుని అడగొద్దు. ఆ సొరుగు లాగు. కింది సొరుగు. ఆఁ, ఆ తాడే. ఆయన పోయాక వాళ్ళమ్మాయి తెచ్చిచ్చింది. ముళ్ళు విప్పకు, అదిగో ఆ కిందది వహీబా అవ్వది, పక్కన మరక ఉన్న ముడి ఉందే, అది మా అమ్మది. ఇటియ్యి.

లే, ఆ కుర్చీలోంచి లే. నువ్వూ నీ మొగుడూ అన్నం తినేసి, తలుపేసుకుని, చుట్టాలెవరూ లేనప్పుడు ఎలా కూర్చుంటారో అలా కూర్చో. సిగ్గేంటి, తాతనే కదా. ఇక్కడ, చాప మీద. అలా బిగుసుకుపోకు, వీపు గోడకి ఆనించు. కాళ్ళు చాపుకుంటావా, ముడుచుకుంటావా? ...చాపుకుంటావా. ఊఁ. మీ అత్తగారు వస్తుందా మీ ఇంటికి? ఆవిడ పొడుగా పొట్టా? అడిగి రా, లేకపోతే ఆవిణ్ణే తీసుకురా. కదలకు. ఇదిగో... చూడు, ఎక్కడికొచ్చిందో చూడు. వహీబా అవ్వ ముడి మీదకే వచ్చింది నీ కన్ను.

చెక్కపని ఎవడి చేతైనా చేయించుకో, మా బావమరిది కొడుకున్నాడు, పర్లేదు, నేర్పిస్తే నేర్చుకుంటాడు. పచ్చిగా, తెల్లచెక్కగా ఈ గుమ్మంలోకి పంపించమను. పాలిష్ నా పని.

...టీ చల్లారిపోయింది చూశావా. తాగు.